సొంత కారుతో ర్యాలీలోకి: మొదట టీఎస్‌డీయా, ఆటోక్రాసా?

కొత్తచక్రం: మాది ఖమ్మం. వయసు 26. పాత స్విఫ్ట్ ఉంది, ఇంకా 14 వాయిదాలు కట్టాలి. ర్యాలీ నేర్చుకోవాలని చాలా కోరిక. ఒకరు టీఎస్‌డీ అంటున్నారు, మరొకరు ఆటోక్రాస్ అంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి?

ఎడమసీటు: టీఎస్‌డీతోనే. టైమ్, స్పీడ్, డిస్టెన్స్ అన్న మూడు మాటలకు పొట్టి పేరు అది. ఎవరు ముందు చేరారన్నది కాదు, ఇచ్చిన సగటు వేగాన్ని ఎవరు నిలబెట్టారన్నదే పోటీ. మామూలు రోడ్డు, మామూలు కారు చాలు. సగటు గంటకు 36 కిలోమీటర్లయితే కిలోమీటరుకు 100 సెకన్లు, 18 కిలోమీటర్లకు సరిగ్గా అరగంట. ఏదో మలుపు చాటున కంట్రోల్, అంటే మీరు వచ్చిన సమయం రాసుకునే చోటు, ఉంటుంది. ఆలస్యంగా వచ్చినా తప్పే, ముందుగా వచ్చినా తప్పే. మీ మీటరు నూటికి రెండు వంతులు తప్పు చూపిందంటే ఆ 18 కిలోమీటర్లలోనే 36 సెకన్ల తేడా వస్తుంది. అందుకే నిర్వాహకులు కొలిచి ఇచ్చిన దూరంతో మీటరును ముందే సరిచూసుకోవాలి. మొదటి రెండు పోటీలకు స్టీరింగ్ మరొకరికి ఇచ్చి, మీరు ఎడమ సీటులో దారీ సమయమూ చెప్పే నావిగేటర్‌గా కూర్చోండి.

ఎర్రమట్టి: ఆయన ర్యాలీ గురించి అడిగితే మీరు లెక్కల పరీక్ష గురించి చెప్పారు. టీఎస్‌డీ మోటార్ స్పోర్ట్ కాదు. ఆటోక్రాస్‌కు వెళ్లండి. ఖాళీ మైదానంలో మట్టి దారి, హద్దులకు కోన్లు. గడియారంతోనే పోటీ కాబట్టి పక్కన మరో కారు గుద్దుతుందన్న భయం ఉండదు. స్విఫ్ట్‌కు ముందు చక్రాలే లాగుతాయి. మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ముక్కు బయటికి పోతుంది, హఠాత్తుగా కాలు తీస్తే తోక తిరుగుతుంది. ఇది చదివితే రాదు, మట్టి మీద జారితేనే వస్తుంది.

గేర్‌బాక్స్: ఏ పోటీకి వెళ్లినా దేశంలో మోటార్ స్పోర్ట్‌ను చూసే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. రాత్రి పూట ఔటర్ రింగు రోడ్డు మీద సాధన మాత్రం వద్దు. అనుమతి లేని పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం.

ఎడమసీటు: “మోటార్ స్పోర్ట్ కాదు” అన్న మాట దగ్గర ఆగుదాం. మీరు గొప్పగా చెప్పే స్టేజీ ర్యాలీలో, అంటే మూసేసిన దారి ముక్కల (స్టేజీల) మీద వేగంగా నడిపే పోటీలో, స్టేజీకీ స్టేజీకీ మధ్య మామూలు రోడ్డు ఉండదా? అక్కడ టైమ్ కంట్రోల్‌కు చెప్పిన నిమిషానికే చేరాలి కదా? 2017లో నేను “ఇంకా మూడు నిమిషాలు ఆగండి” అని మొత్తుకున్నా మా డ్రైవరు వినలేదు. ముందుగా లోపలికి వెళ్లి పెనాల్టీ తెచ్చుకున్నాడు. మా మూడో స్థానం అక్కడే పోయింది.

ఎర్రమట్టి: ఆ మూడో స్థానం కథ ఇక్కడ చదవడం ఇది నాలుగోసారి. ముందురోజు దారి చూసి ప్రతి మలుపు ఎలాంటిదో పేస్ నోట్స్ రాసుకోవడం, వేగంలో మలుపు కనపడకముందే ఆ నోట్స్ విని నమ్మడం, ఇవి టీఎస్‌డీలో దారి చెప్పే రోడ్ బుక్‌లో ఎక్కడున్నాయి?

పల్లెదారి: ఇద్దరూ ఆయన ప్రశ్నను వదిలేశారు.

ఎడమసీటు: వదలలేదు. రెండేళ్ల కిందట ఇదే వేదికలో ఒక కుర్రవాడు ఇదే ప్రశ్న అడిగాడు. “కారు తీసుకుని వెళ్లు, అదే వస్తుంది” అని, ఎర్రమట్టి గారూ, మీరే రాశారు. వెళ్లాడు. గట్టు తగిలి కారు తిరగబడింది. సీటు బెల్టు, హెల్మెట్ ఉన్నాయి కాబట్టి ప్రాణం దక్కింది. బీమా కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వలేదు, పందేలు పాలసీలో లేవంది. అప్పు తీర్చింది వాళ్ల అమ్మ. ఆమె మా అక్క.

గేర్‌బాక్స్: బాధ పడాల్సిన విషయమే. అయితే మామూలు కారు పాలసీల్లో పందెం, వేగ పరీక్షలతో పాటు “రిలయబిలిటీ ట్రయల్” (బండి ఎంత నమ్మకంగా నడుస్తుందో చూసే పోటీ) కూడా మినహాయింపే. టీఎస్‌డీకి వెళ్లేముందు కూడా కంపెనీని రాతపూర్వకంగా అడగాలి.

ఎర్రమట్టి: అతను మీ మేనల్లుడని నాకు తెలియదు. బీమా సంగతి ఆ రోజు నేను రాయకపోవడం తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ నా మాట కూడా వినండి. మా నాన్న మెకానిక్. “ముందు ఎడమ సీటులో కూర్చో, తర్వాత చూద్దాం” అని నాకూ చెప్పారు. ఎనిమిదేళ్లు కూర్చున్నాను. కారు ఎప్పుడూ డబ్బున్నవాళ్ల పిల్లలదే. నోట్స్ నావి, రాత్రి గేర్‌బాక్స్ దింపిన చేతులు నావి, స్టీరింగ్ మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. లేనివాడికి పక్క సీటు చూపించడం నా వల్ల కాదు.

ఎడమసీటు: లేనివాడి దగ్గర ఉన్న ఒక్క కారునూ పణంగా పెట్టించడం నా వల్ల కాదు.

పల్లెదారి: కారు లేకుండా కూడా రావచ్చు కదా. నేను ఆరేళ్లుగా మార్షల్‌గా, అంటే పోటీ దారికి కాపలాగా, వెళ్తున్నాను. 2019లో జోధ్‌పూర్ ర్యాలీలో నడుస్తున్న స్టేజీలోకి బైకు వచ్చి ముగ్గురు చనిపోయారు. దారి కాపలా కాసేవాళ్ల కొరత గురించి ఎవరూ మాట్లాడరు. పైగా ప్రతి డ్రైవరూ ఒకే మలుపును ఎలా తిప్పుతున్నాడో అక్కడ నిలబడి చూడవచ్చు.

కొత్తచక్రం: మార్షల్‌గా రావాలంటే ఏం తెచ్చుకోవాలి?

పల్లెదారి: బూట్లు, టోపీ, నాలుగు లీటర్ల నీళ్లు. ముందురోజు సాయంత్రం వివరిస్తారు, అది తప్పనిసరి. మలుపుకు బయటి వైపు మాత్రం ఎప్పుడూ నిలబడవద్దు.

ఎర్రమట్టి: ఎడమసీటు గారూ, మీ మేనల్లుడి కారు ఇంకా ఉందా? పైకప్పు నలిగిందా, పిల్లర్లు కూడా వంగాయా?

ఎడమసీటు: షెడ్డులో ఉంది. ముందు పిల్లర్ వంగింది. వాడు దానికి రోల్ కేజ్ (కారు తిరగబడినా లోపలివాళ్లను కాపాడే ఇనుప చట్రం) వేయిస్తానంటున్నాడు.

ఎర్రమట్టి: వంగిన బాడీలో కేజ్ వేయకూడదు. ఫొటోలు పంపండి. విడిభాగాలుగా అమ్మితే ఎంత వస్తుందో నేను చూసి చెబుతాను, వాడితో కూడా నేనే మాట్లాడతాను.