లైట్‌మోటిఫ్‌ని ‘ముద్ర’ అనవచ్చా?

వీడియో గేముల సంగీతం మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ఒకటి లైట్‌మోటిఫ్: ఫలానా పాత్ర వచ్చినప్పుడల్లా, తలపుకొచ్చినప్పుడల్లా వినిపించే చిన్న స్వరాల గుత్తి. రెండోది అకల్ట్: మంత్రతంత్రాలు, రహస్యవిద్యలకు ఇంగ్లీషులో వాడే మాట.

మొదటిదాన్ని పల్లవి అనలేం. పల్లవి ఎక్కడ తిరిగొస్తుందో ముందే తెలుసు. ఇది ఎక్కడైనా రావచ్చు, వేషం మార్చుకుని కూడా రావచ్చు. మకుటమైతే పద్యం చివరే ఉంటుంది, ఒక్క అక్షరం మారదు. నాకు ‘ముద్ర’ నచ్చింది, అంటే పాట కట్టినవాడు అందులో పెట్టే సంతకం లాంటి మాట. ‘మువ్వగోపాల’ వినబడగానే అది క్షేత్రయ్య పదమని తెలిసిపోతుంది కదా, అలాగే నాలుగు స్వరాలు మోగగానే ఎవరొస్తున్నారో తెలుస్తుంది. స్వరముద్ర అంటే ఇంకా స్పష్టం.

అకల్ట్‌ని అందరూ ‘క్షుద్ర’ అనేస్తున్నారు. క్షుద్రమంటే అల్పం, నీచం. లాటిన్‌లో ఆ మాటకు అర్థం ‘దాగినది’ అని మాత్రమే. 2016 నాటి డూమ్ గేముకు మిక్ గోర్డన్ కూర్చిన ‘సైబర్‌డెమన్’ ట్రాక్‌ని స్పెక్ట్రోగ్రామ్‌లో (ధ్వనిని బొమ్మగా చూపే పటంలో) చూస్తే అయిదు మొనల నక్షత్రాలు, 666 అంకె కనబడతాయి. చెవికి ఆ సంగతే తెలియదు. దీన్ని గూఢచిహ్నం అనాలి గానీ క్షుద్రం ఎలా అవుతుంది?

— గూఢం బాగుందండీ. ఆ డూమ్ ట్రాక్‌కైతే ఇంకా దగ్గరి మాట మన చిత్రకవిత్వంలోనే ఉంది: బంధం. చదివితే పద్యం, అక్షరాలు పేరిస్తే చక్రమో పామో. చక్రబంధం, నాగబంధం చేసిన కవులకు ఈ పని చూపిస్తే వెంటనే గుర్తుపట్టేవారు. ఇంకొకటి: 2011లో వచ్చిన జెల్డా గేము ‘స్కైవర్డ్ స్వోర్డ్’ ముఖ్యగీతాన్ని చివరినుంచి వెనక్కి వాయిస్తే, 1991 నుంచీ ఆ గేముల్లో ఉన్న జెల్డా జోలపాట వస్తుంది. ‘వికటకవి’లా రెండువైపులా ఒకటే కాదు, అటు ఒక పాట, ఇటు ఒక పాట. దీన్ని విలోమం అనాలి.

— ముద్ర దగ్గర నాకు అభ్యంతరం ఉంది. అది వాగ్గేయకారుడిది, పాత్రది కాదు. పైగా అది సాహిత్యంలో ఉంటుంది, స్వరంలో కాదు. ‘దియెస్ ఇరే’ సంగతేమిటి? 13వ శతాబ్దపు లాటిన్ గీతం, చనిపోయినవారి కోసం చర్చిలో పాడేది. ఖరహరప్రియ రాగం స్వరాల్లో గ-రి-గ-స, తర్వాత రి-ని-స-స (ని మంద్రంలో) అని పాడి చూడండి. 1830లో ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్ దాన్ని తన సింఫనీలో మంత్రగత్తెల రాత్రి కూటం ఘట్టానికి వాడాడు. ఆ మొదటి నాలుగు స్వరాలు సినిమాల్లోనూ గేముల్లోనూ చావుకు గుర్తుగా తిరుగుతూనే ఉన్నాయి. మరి అది ఎవరి ముద్ర?

— మంచి ప్రశ్న వేశారు. సంగీతంలో మీరన్నదే నిజం. కానీ ముద్రకు అంతకన్నా పాత అర్థం ఉంది. సుందరకాండలో హనుమంతుడు సీతకిచ్చింది రామనామం చెక్కిన ముద్రిక. రాముడు అక్కడ లేడు, ఉంగరం ఉంది. ఆమెకు అది చాలింది. లైట్‌మోటిఫ్ చేసేదీ ఇదే: మనిషి తెరమీద లేకుండానే వచ్చినట్టు చేస్తుంది. దియెస్ ఇరే అప్పుడు మృత్యుముద్ర అవుతుంది. మంత్రగ్రంథాల్లోనూ ఇదే తీరు. సాలమన్ రాజు పేరుమీద చెలామణి అయిన 17వ శతాబ్దపు గ్రంథంలో 72 భూతాలకు 72 ముద్రలు గీసి ఉన్నాయి. ముద్ర గీసినవాడిది కాదు, పిలిచినప్పుడు వచ్చేదానిది. ‘షిన్ మెగామి టెన్సే’ గేముల్లో తిరిగే భూతాల్లో కొన్ని అందులోవే. ఇలా స్వరానికీ గూఢచిహ్నానికీ ఒకే మాట సరిపోతోంది, అందుకే దీన్ని వదులుకోలేకపోతున్నాను. జెల్డా జోలపాటను ‘విలోమముద్ర’ అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుందంటారా?