ఎస్‌ఎంపీఎస్: 450 వాట్లా, 650 వాట్లా?

గోదారి_గట్టు:
రైజెన్ 5 5600 ప్రాసెసరు, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు పెట్టి కొత్త కంప్యూటరు కట్టిస్తున్నాను. 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరు భాగాలకు కరెంటు అందించే పెట్టె) చాలునా, 650 తీసుకోవాలా? కరెంటు తక్కువ వృథా చేసే గోల్డ్ రకానికి ఎక్కువ పెట్టిన డబ్బు కరెంటు బిల్లులో తిరిగి వస్తుందా? పాత 600 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) యూపీఎస్ సరిపోతుందా?

ఆరిన_తెర:
డబ్బా మీది అంకెను నమ్మి నేను మునిగాను. కేబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని పెద్దగా అచ్చువేసి ఉండేది. కార్డు పెట్టిన వారానికే ఆట మధ్యలో కంప్యూటరు ఆరిపోతుంటే, విప్పి స్టిక్కరు చదివాను. 12 వోల్టుల లైనుకు 18 ఆంపియర్లు, అంటే 216 వాట్లు మాత్రమే. ప్రాసెసరూ కార్డూ బతికేది ఆ లైను మీదనే కదా!

సర్క్యూట్_శాస్త్రి:
80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని పరీక్షించి ఇచ్చేది) ఉన్నదే కొనండి. అయితే 80 శాతం అంటే 450లో 360 వాట్లే చేతికి వస్తాయి కనుక, 650కి తగ్గవద్దు.

మీటరు_బాబాయ్:
శాస్త్రిగారూ, ఈ తప్పు ఇంకెన్నాళ్లు ప్రచారం చేస్తారు? 450 అనేది కంప్యూటరుకు ఇవ్వగలిగినది. నష్టం గోడ వైపు పడుతుంది: 300 వాట్లు ఇవ్వడానికి 85 శాతంది 353, గోల్డ్ లాంటి 90 శాతంది 333 లాగుతాయి. రోజుకు 5 గంటలు అదే బరువు మీద నడిపినా నెలకు తేడా 3 యూనిట్లు.

సర్క్యూట్_శాస్త్రి:
నేను 22 ఏళ్లుగా ఇవే బాగుచేస్తున్నాను. చేతిలో పట్టుకుంటే బరువును బట్టి సరుకు చెప్పగలను. నాకు పాఠాలు అక్కరలేదు.

ఆరిన_తెర:
నా పాతదీ బరువుగానే ఉండేది. విప్పితే లోపల ఒక ఇనుప ముక్క స్క్రూతో బిగించి ఉంది.

మీటరు_బాబాయ్:
అనుభవం వేరు, లెక్క వేరు. పైగా 80 ప్లస్ పరీక్ష 23 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర జరుగుతుంది. మే నెలలో నా గదిలో 23 ఎక్కడిది? అందుకే 40, 50 డిగ్రీల దగ్గర కూడా పూర్తి వాట్లు ఇస్తుందని తయారీదారు రాసి ఇచ్చినదే కొంటాను.

గోదారి_గట్టు:
నా యూపీఎస్ సంగతి ఎవరూ చెప్పలేదు.

మీటరు_బాబాయ్:
క్షమించండి. మీ ప్రాసెసరుకు 76, కార్డుకు 170, మిగతా వాటికి 50 వేసుకుంటే 300కు కాస్త తక్కువ. మంచి 550 హాయిగా సరిపోతుంది. యూపీఎస్ వెనుక వాట్లు ఎన్నో చూడండి, వీఏ కాదు. యూపీఎస్ మోయాల్సింది గోడ వైపు లాగే వాట్లను కనుక, మీరు అడిగిన గోల్డ్ తేడా బిల్లులో కంటే అక్కడే ఎక్కువగా కనిపిస్తుంది.

గోదారి_గట్టు:
చూశాను, 360 అని ఉంది. మానిటరు కూడా దానికే తగిలించాను.