కర్ట్ లెవిన్ మూడు మెట్ల నమూనా: కార్యాలయంలో మార్పుకు అదొక్కటే చాలునా?

ప్రశ్న

నేను ఒక సహకార సంస్థలో పరిపాలన విభాగం చూస్తున్నాను. కాగితపు రిజిస్టర్లను పక్కనపెట్టి పని మొత్తం కంప్యూటర్‌లోకి మార్చాలని పైవారు నిర్ణయించారు. ఆ సందర్భంగా ఏర్పాటు చేసిన శిక్షణలో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ పేరు చెప్పి, కరిగించడం, మార్చడం, తిరిగి గడ్డకట్టించడం అంటూ మంచుగడ్డ బొమ్మ చూపించారు. వినడానికి బాగానే ఉంది గానీ, ఏళ్ల తరబడి ఒకే రిజిస్టరు రాసిన గుమాస్తాను ‘కరిగించడం’ అంటే సోమవారం పొద్దున నేను ఏం చేయాలో మాత్రం బోధపడలేదు. లెవిన్ చెప్పింది ఇంతేనా? చదివినవారు వివరించగలరు.

మొదటి సమాధానం

ఇంతే కాదండీ. నన్నడిగితే ఆయన చెప్పినవాటిలో ఆ మూడు మెట్లే, అంటే పాత అలవాటును సడలించడం, కొత్తదానికి మార్చడం, దానిని నిలబెట్టడమే, అన్నిటికన్నా చిన్న విషయం. 1947లో, అంటే ఆయన 56వ ఏట గుండెపోటుతో మరణించిన ఏడాదే, అచ్చయిన వ్యాసంలో ఆ మాట కొద్ది పంక్తుల్లో వస్తుంది. దానిని నమూనాగా పెంచి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించింది తరవాతివారు.

అప్పటి ప్రష్యాలో, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న మొగిల్నోలో 1890లో యూదు కుటుంబంలో పుట్టి, బెర్లిన్‌లో మనస్తత్వశాస్త్రం బోధించి, నాజీలు అధికారానికి వచ్చిన 1933లో అమెరికా చేరిన లెవిన్ అసలు ఆలోచన వేరు. మనిషి ప్రస్తుతం ఒక తీరుగా పనిచేస్తున్నాడంటే, ముందుకు నెట్టే బలాలూ వెనక్కి పట్టే బలాలూ అక్కడ సరితూగి ఉన్నాయని అర్థం. ఉత్తర్వులు, గడువులు, మెమోలు పెంచితే నెట్టుడు పెరుగుతుంది, దానితోపాటు లోపలి ఒత్తిడీ పెరుగుతుంది. వెనక్కి పడుతున్నదేమిటో గుర్తించి దానిని తగ్గిస్తే, ఒత్తిడి పెరగకుండానే పని కదులుతుంది. మీ గుమాస్తా విషయంలో అది తప్పు పడితే సంజాయిషీ ఎవరివ్వాలన్న భయం కావచ్చు, తనకన్నా చిన్నవారి ముందు తడబడాల్సి వస్తుందన్న బిడియం కావచ్చు. కాబట్టి సోమవారం మీరు చేయవలసింది ఆయనను అడగడం.

రెండవ సమాధానం

పై మాటకు ఆధారం కావాలంటే వర్జీనియా రాష్ట్రంలోని మేరియన్‌లో ఉన్న హార్వుడ్ పైజమా కర్మాగారం కథ చూడాలి. లెవిన్ 1939 నుంచీ ఆ సంస్థకు సలహాలిచ్చారు. అక్కడి సిబ్బంది అధికారి లెస్టర్ కోచ్, లెవిన్ శిష్యబృందంలోని జాన్ ఫ్రెంచ్ కలిసి చేసిన ప్రయోగం 1948లో వెలువడింది.

మార్పు చూస్తే నవ్వొస్తుంది. ఇస్త్రీ చేసేవారు అంతవరకూ బట్టలను అరడజను చొప్పున అట్టముక్క మీద పేర్చేవారు, ఇకమీదట అదే కొలత పెట్టెలో పేర్చాలి. దీనికోసం డజనుకు రెండు నిమిషాలు అదనంగా ఇచ్చి, కొత్త కూలిరేటు కట్టారు. పోటీ వల్ల మార్పు తప్పదని సమావేశం పెట్టి చెప్పారు, రేటు లెక్క విడమరచి వివరించారు, ప్రశ్నలకు జవాబులూ ఇచ్చారు. అయినా ఆ జట్టు ఉత్పత్తి పడిపోయి మళ్లీ లేవలేదు. మొదటి 40 రోజుల్లోనే 17 శాతం మంది మానేశారు.

మరో జట్టు ముందు యాజమాన్యం ఒకేలాంటి రెండు దుస్తులు పెట్టి, 1946లో తయారైన ఒకటి, 1947లో తయారైన రెండవదానికి రెట్టింపు ధరకు అమ్ముడుపోయిందని చెప్పి, చవకది ఏదో గుర్తుపట్టమంది. ఎవరూ పట్టలేకపోయారు. ఖర్చు ఎందుకు తగ్గించాలో వేరే ఉపన్యాసం అక్కర్లేకపోయింది. ఈ జట్టు తరఫున ప్రతినిధులు పని రూపకల్పనలో పాల్గొన్నారు. అందరూ స్వయంగా పాల్గొన్న చిన్న జట్లలోనైతే వచ్చిపడే సూచనలన్నీ రాసుకోవడం స్టెనోగ్రాఫర్‌కు కష్టమైంది. ఆ జట్ల ఉత్పత్తి త్వరగా కోలుకొని, పూర్వంకన్నా దాదాపు 14 శాతం పైకి చేరింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ తరవాతి సంగతి. రెండున్నర నెలలకు, మొదటి జట్టులో మిగిలినవారిని ఇంకో పనికి మారుస్తూ ఈసారి వారినీ రూపకల్పనలో కలుపుకున్నారు. అదే మనుషులు చకచకా అందుకున్నారు. ‘మావాళ్లు మారరండీ’ అనే అధికారులకు ఈ ఒక్క ఫలితం చూపిస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు

మా దగ్గర కూడా సమావేశం పెట్టి వివరంగా చెప్పాం, అంటే మేము మొదటి జట్టు పద్ధతిలో వెళ్లామన్నమాట. మరి ఇప్పుడు అందరినీ కూర్చోబెట్టి అభిప్రాయాలు తీసుకుంటే సరిపోతుందా?

మూడవ సమాధానం

సరిపోతుందని హామీ ఇవ్వలేం. ఫ్రెంచే మరికొందరితో కలిసి నార్వేలో ఒక పాదరక్షల కర్మాగారంలో ఇలాంటి ప్రయోగం చేసి 1960లో ప్రచురించారు. అక్కడ ఉత్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇలాంటి విషయాలు యాజమాన్యంతో తేల్చుకోవలసింది యూనియన్ అని అక్కడి కార్మికుల అలవాటు, యాజమాన్యం పిలిచిన సమావేశానికి అంత విలువ ఇవ్వరు. పైగా వారికి నిర్ణయం వదిలిన అంశాలూ అంత ముఖ్యమైనవి కావు.

కనుక ముందుగా మీరు తేల్చుకోవలసినది, ఉద్యోగుల చేతికి నిజంగా ఏం వదలగలరన్నది. కంప్యూటర్ రావడం ఖాయమైపోతే ఆ మాట మొదటే సూటిగా చెప్పండి. దాని మీద అభిప్రాయం అడగడం వట్టి తంతు. ఏ రిజిస్టరు ముందు మారాలి, పాతదీ కొత్తదీ ఎన్నాళ్లు పక్కపక్కన నడవాలి, తప్పు దొర్లితే ఎవరి పూచీ అన్నవి వారికి వదలండి. మీ సంస్థలో ఉద్యోగుల సంఘం ఉంటే వారిని సమావేశానికి కాదు, సమావేశం ఎలా జరగాలో నిర్ణయించే దగ్గరికే పిలవండి.