బేస్‌బాల్ సీజన్ ముందు వేసిన అంచనాలకు మార్కులు వేసేటప్పుడు గాయపడిన ఆటగాళ్లను లెక్కలోంచి తీసెయ్యాలా?

అట్లాంటా_పెదబాబు:
మార్చిలో మనమంతా ఎవరెన్ని హోమ్ రన్‌లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొడతారో ధీమాగా రాస్తాం, అక్టోబర్ వచ్చాక ఆ కాగితం ఎవరూ బయటికి తియ్యరు. ఉగాది నాడు ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని పంచాంగం విన్నాక మళ్లీ ఫాల్గుణంలో దాన్ని సరిచూసుకున్నవాళ్లు మనలో ఎంతమంది? బేస్‌బాల్ అంచనాలూ అలాగే గాలికి పోవడం నాకు చాలా ఏళ్లుగా మనసుకు పట్టని విషయం.

అందుకే 2024 సీజన్‌కి ముందు నేను రాసుకున్న ముప్ఫై మంది బ్యాటర్ల పట్టిక తీసి, అసలు అంకెలు పక్కన పెట్టి, రెండు రాత్రులు కూర్చున్నాను. పోల్చడానికి మార్సెల్ లెక్క కూడా వేశాను. తెలియనివాళ్ల కోసం: మార్సెల్ అనేది టామ్ టాంగో తయారుచేసిన అతి సులువైన పద్ధతి, ఒక కోతి పేరు పెట్టాడు దానికి, అంటే కోతి కూడా వెయ్యగలిగేంత చిన్న లెక్క అని. బ్యాటర్‌కి గత మూడేళ్ల అంకెలను 5, 4, 3 బరువులతో కలిపి, లీగ్ సగటు వైపు కొంత లాగి, వయసుకి కాస్త సర్దుతారు, అంతే.

సమస్య ఎక్కడొచ్చిందంటే, నా పట్టికలో అందరికంటే పైన ఉన్నది అట్లాంటా బ్రేవ్స్ ఆటగాడు రొనాల్డ్ అకూన్యా. 2023లో 41 హోమ్ రన్‌లు, 73 స్టీల్స్ (దొంగచాటుగా తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడం), ఏకగ్రీవంగా ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు. ఫాంటసీ డ్రాఫ్ట్‌లలో (నిజం ఆటగాళ్లను ఎంచుకుని ఊహాజట్లు కట్టే ఆటలో) చాలామందికి మొదటి పేరు అతనే. నేను 35 హోమ్ రన్‌లు, 60 స్టీల్స్ రాశాను. మే నెలాఖరులో ఎడమ మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగిపోయింది, 49 ఆటలతో సీజన్ అయిపోయింది. ఇలాంటివాళ్లు నా పట్టికలో ఐదుగురున్నారు. ఆ ఐదుగురిని తీసేస్తే సగటు తేడాలో నేను మార్సెల్‌ని దాటుతున్నాను, ఉంచితే వెనకబడుతున్నాను. నా ఉద్దేశంలో 400 కంటే తక్కువసార్లు బ్యాటింగ్‌కి వచ్చినవాళ్లను తీసెయ్యడమే న్యాయం. మీరేమంటారు?

వరంగల్_టు_డల్లాస్:
పూర్తిగా మీతోనే ఉన్నాను అన్నా. మోకాలు తెగుతుందని ఏ లెక్క చెబుతుంది? అకూన్యాకి 2021లో కుడి మోకాలు పోయింది, 2024లో ఎడమది పోయింది, రెండోది పోతుందని మార్చిలో ఎవరైనా రాస్తే అది జోస్యం అవుతుంది కానీ విశ్లేషణ కాదు. అదే బ్రేవ్స్ జట్టులో ఇంకో ఇద్దరిని చూడండి. 2023లో 281 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చెయ్యడం) తీసిన పిచ్చర్, అంటే బంతి వేసేవాడు, స్పెన్సర్ స్ట్రైడర్ 2024లో రెండే ఆటలు మొదలుపెట్టాడు, మోచేయి పోయింది. ఐదేళ్లుగా ఏదో ఒక గాయంతో కనబడిన పిచ్చర్ క్రిస్ సేల్, 35 ఏళ్ల మనిషి, 18 విజయాలు, 2.38 ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన రన్‌లు), 225 స్ట్రైకౌట్లతో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు పట్టుకుపోయాడు. ఈ ఇద్దరినీ సరిగ్గా ఊహించినవాడు ఉంటే వాడిది అదృష్టం. అదృష్టానికి మార్కులెందుకు?

లెక్కల_మాస్టారు:
పెదబాబు గారూ, మీ శ్రమకి దండం. కానీ ఆ 400 గీత దగ్గర మాత్రం నేను గట్టిగా అడ్డం పడతాను.

ఎవరికి 400 అవకాశాలు వస్తాయి? ఆరోగ్యంగా ఉన్నవాడికి ఒకటే కాదు, *బాగా ఆడుతున్నవాడికి*. ఏప్రిల్, మేలలో .190 యావరేజ్‌తో (వందకి 19 హిట్లు) కొట్టినవాడిని మేనేజర్ బెంచ్ మీద కూర్చోబెడతాడు, లేదా కింది లీగ్‌కి పంపుతారు. వాడు మీ గీత కిందికి పోతాడు. అంటే మీరు గాయాలు మాత్రమే తీసేస్తున్నాననుకుంటూ, దారుణంగా ఆడినవాళ్లను కూడా తీసేస్తున్నారు. మిగిలేది అనుకున్నదానికంటే మెరుగ్గా ఆడినవాళ్ల గుంపు. ఆ గుంపులో ఆశపడి ఎక్కువ అంకెలు రాసినవాడే గెలుస్తాడు, జాగ్రత్తగా సగటు వైపు లాగి రాసినవాడు ఓడిపోతాడు. మీరు మార్సెల్‌ని దాటడానికి కారణం ఇదేనేమో ఒకసారి చూసుకోండి.

ఇంకోటి. గాయం ఎవరికని చెప్పలేం, నిజమే. కానీ ఎంతోమందికి అవుతుందని చెప్పగలం కదా. మార్సెల్ దాన్ని ముందే లెక్కలో వేస్తుంది: నిరుడు ఆడినదాంట్లో సగం, అంతకుముందు ఏడాదిదాంట్లో పదో వంతు, పైన 200. అకూన్యా 2023లో 735 సార్లు, 2022లో 533 సార్లు ప్లేట్ దగ్గరికి, అంటే బ్యాటింగ్‌కి, వచ్చాడు. లెక్క వేస్తే 2024కి 621 వస్తుంది. ఆడింది 222. మార్సెల్ కూడా ఘోరంగానే తప్పింది, కానీ 700 రాసినవాడికంటే తక్కువ తప్పింది. ముప్ఫై మందికీ ఇలాగే కోసుకుంటూ పోతే ఆ జాగ్రత్తకు విలువ కనబడుతుంది. గాయపడినవాళ్లను తీసేస్తే, ఆ జాగ్రత్త పడినవాడికి దక్కాల్సిన మార్కులు మీరు లాక్కుంటున్నట్టే.

క్వీన్స్_తెలుగమ్మాయి:
మాస్టారు గారు చెప్పింది సగం, మిగతా సగం నేను చెబుతాను. పెదబాబు అన్నా, అకూన్యాని గాయం పేరుతో పక్కన పెట్టేముందు ఆ 49 ఆటల్లో ఏం చేశాడో చూశారా? 222 సార్లు వచ్చి 4 హోమ్ రన్‌లు. 2023లో దాదాపు 18 సార్లకి ఒకటి కొట్టినవాడు, 2024లో 55 సార్లకి ఒకటి. బ్యాటింగ్ యావరేజ్ .337 నుంచి .250కి పడింది. గాయం కాకముందే మీ 35 హోమ్ రన్‌ల అంచనా తప్పుదారిలో ఉంది. ఆ వరుస తీసేస్తే ఆ సంగతి కూడా కనబడకుండా పోతుంది. చదివేవాళ్లు "పాపం మోకాలు" అనుకుని ముందుకెళ్లిపోతారు.

వరంగల్_టు_డల్లాస్:
అక్కా, 49 ఆటలు ఎంత? రెండు నెలలు కూడా కాదు. ఆ రెండు నెలలూ పట్టుకుని అంచనా తప్పని ఎలా తేలుస్తాం? అరిజోనా ఆటగాడు కార్బిన్ క్యారోల్‌ని జూన్‌లో చూసినవాళ్లు ఇక ఇతని పని అయిపోయిందన్నారు, చివరికి యావరేజ్ .231 అయినా 22 హోమ్ రన్‌లు, 35 స్టీల్స్‌తో ముగించాడు. అకూన్యాకి మిగతా నాలుగు నెలలు దొరికి ఉంటే ఏమయ్యేదో మనకి తెలీదు.

లెక్కల_మాస్టారు:
ఇక్కడ తమ్ముడి మాటలో బలం ఉంది. 49 ఆటలేం ఖర్మ, పూర్తి సీజన్ కూడా చాలా చిన్నదే. ఒక బ్యాటర్ అసలు సత్తా కచ్చితంగా .270 అని దేవుడే వచ్చి మన చెవిలో చెప్పాడనుకోండి. 500 సార్లు బ్యాట్ పడితే, ఏ మార్పూ లేకుండా, కేవలం బంతి ఎటు పడిందన్న తేడాతోనే అతను .250 నుంచి .290 మధ్య ఎక్కడైనా తేలతాడు, అదీ మూడింట రెండు సార్లు మాత్రమే. మిగతా సార్లు అది కూడా దాటిపోతాడు. ఇరవై పాయింట్లంటే (.020) పది హిట్లు, ఆరు నెలల సీజన్‌లో రెండున్నర వారాలకి ఒకటి. .270 అని రాసిన అంచనా .252 దగ్గర ముగిస్తే అది తప్పు కాదు. దాన్ని తప్పుల ఖాతాలో వేసేవాడి మీదే నాకు కోపం.

అందుకే ఒక్కో ఆటగాడిని పట్టుకుని ఒప్పు, తప్పు అని టిక్కులు పెట్టడం మానెయ్యాలంటాను. జట్ల మీద ఒక ఉదాహరణ చెప్పి ఊరుకుంటాను. గణాంకాల విశ్లేషకుడు నేట్ సిల్వర్ మొదలుపెట్టిన పెకోటా అనే అంచనా పద్ధతి 2007లో షికాగో జట్టు వైట్ సాక్స్‌కి 72 విజయాలు అంది, షికాగోలో అందరూ మండిపడ్డారు, సరిగ్గా 72 దగ్గరే ఆగారు. అదే పెకోటా 2015లో రాయల్స్ జట్టుకీ 72 అంది, వాళ్లు 95 గెలిచి ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ కూడా కొట్టారు. మొదటిదాన్ని చూసి పూజించడం, రెండోదాన్ని చూసి పారెయ్యడం, రెండూ ఒకే రకం పొరపాటు.

కొత్తగా_చేరాను:
నమస్కారం అందరికీ. నాదొక సందేహం. 2023లో బేస్‌ల వెడల్పు 15 అంగుళాల నుంచి 18కి పెంచారు, పిచ్చర్ ఒక బ్యాటర్‌కి రెండుసార్లకంటే ఎక్కువ బేస్ మీదున్న రన్నర్ మీదికి తిరగకుండా కట్టడి పెట్టారు (మూడోసారి తిరిగితే అవుట్ చెయ్యాలి, లేకపోతే రన్నర్‌కి బేస్ ఇచ్చేస్తారు). లీగ్ మొత్తం స్టీల్స్ ఒక్క ఏడాదిలో 2,486 నుంచి 3,503కి ఎగిరాయి. గత మూడేళ్ల అంకెల మీదే నడిచే మార్సెల్‌కి ఇది తెలిసే దారి లేదు కదా. అలాంటి ఏడాది దాన్ని దాటితే అది గొప్పేనా?

లెక్కల_మాస్టారు:
మంచి ప్రశ్న అమ్మా. గొప్పే. నిబంధన మారుతుందని ముందే తెలుసు, దాన్ని చదివి స్టీల్స్ పెంచి రాసినవాడు ఆలోచించి రాశాడు. కోతి చెయ్యలేని పని మనిషి చేసేది అక్కడే. 2024లో బ్యాటింగూ పిచింగూ రెండూ చేసే ఒహ్తానీ సంగతి వేరు. 54 హోమ్ రన్‌లు మనలో కొందరికైనా అందే అంకె. కానీ అంతకుముందు అతను ఒక సీజన్‌లో తీసిన అత్యధిక స్టీల్స్ 26, ఆ ఏడాది 59. మోచేతి ఆపరేషన్ వల్ల పిచింగ్ చెయ్యని ఏడాది కాబట్టి ఎక్కువ పరిగెడతాడని ఊహించి 35 రాసినవాడుంటే నేను మెచ్చుకుంటాను, 24 తేడా వచ్చినా సరే.

క్వీన్స్_తెలుగమ్మాయి:
అంటే అంకెతో పాటు ఎందుకు రాశామో ఒక వాక్యం కూడా మార్చిలోనే రాసిపెట్టుకోవాలి. లేకపోతే అక్టోబర్‌లో ప్రతివాడూ "నేను అప్పుడే అనుకున్నాను" అంటాడు. మా ఆఫీసు లీగ్‌లో ప్రతి ఏడాదీ ఇదే గొడవ.

వరంగల్_టు_డల్లాస్:
నేను ఒక మెట్టు దిగుతాను. ఆడిన రోజులకి ఒక మార్కు, ఆడినప్పుడు ఎలా ఆడాడన్నదానికి వేరే మార్కు. రెండూ కలపొద్దు. మొదటిదాంట్లో అందరూ ఉండాలి, ఒప్పుకుంటున్నాను. రెండోదాంట్లో అకూన్యా 222, ఇంకొకరి 700 ఒకే బరువు తూగకూడదు, ఎన్నిసార్లు ప్లేట్ దగ్గరికొస్తే అంత బరువు. ఇంతకంటే దిగను.

అట్లాంటా_పెదబాబు:
నిన్న రాత్రి మళ్లీ కూర్చున్నాను. ఐదుగురినీ తిరిగి పట్టికలో పెట్టి, డల్లాస్ తమ్ముడు చెప్పినట్టు రెండుగా విడదీశాను. ఎలా ఆడతారన్న లెక్కలో మార్సెల్‌కి నాకూ తేడా ఏమీ లేదు, ఒకటి రెండు చోట్ల నేను ముందున్నాను. ఎన్ని రోజులు ఆడతారన్న లెక్కలో చిత్తుగా ఓడిపోయాను. ముప్ఫైలో ఇరవై రెండు మందికి 650 పైనే బ్యాటింగ్ అవకాశాలు రాశాను. నాకు ఇష్టమైన ఆటగాళ్లు కాబట్టి అందరూ ఏడాదంతా ఆడాలని కోరుకుని, ఆ కోరికనే అంచనా అని రాసేశాను. ఇన్నాళ్లూ మోకాళ్లని, మోచేతులని తిట్టుకున్నాను.

మాస్టారు గారితో ఒక్క విషయంలో ఇంకా ఒప్పుకోను. మే నెలలో ఏసీఎల్ తెగినవాడినీ, .190 కొట్టి కింది లీగ్‌కి పోయినవాడినీ ఒకే గాటన కట్టలేను. నా పట్టికలో ఆ రెంటికీ వేరే వేరే గుర్తులు పెడుతున్నాను. ఇంకో ముప్ఫై మంది పిచ్చర్లున్నారు, స్ట్రైడర్, సేల్ ఇద్దరూ అందులోనే. వచ్చే శనివారం లోపు ఆ పట్టిక కూడా ఇక్కడే పెడతాను, తప్పులుంటే చెప్పండి.