అప్పా జంక్షన్ – మన్నెగూడ రోడ్డు: మర్రిచెట్లు మిగలాలి సరే, భూమి ఎవరిది పోవాలె?

చేవెళ్లవాసి:

ఈ రోడ్డు మీద తిరిగేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. హైదరాబాద్ అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. అక్కడ చీలి ఒక దారి వికారాబాద్‌కు పోతుంది, ఇంకోటి పరిగి, కొడంగల్ వైపు. కాగితాల్లో 163వ నంబరు జాతీయ రహదారి. మా నోట మాత్రం ఎప్పుడూ బీజాపూర్ రోడ్డే. రెండు పక్కలా కలిపి తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు.

నాలుగు లేన్లు చేస్తామన్నారు. చెట్లు కొట్టొద్దని కొందరు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. పర్యావరణం మీద ప్రభావం ఎంతో అధ్యయనం చేసి రమ్మని ట్రైబ్యునల్ 2023లో చెప్పింది. చాలామటుకు చెట్లను ఉన్నచోటే ఉంచుతామని, అడ్డొచ్చేవాటిని పెకలించి వేరేచోట నాటుతామని ఒప్పుకున్నాక, 2025 అక్టోబరు ఆఖరుకు గానీ పనులకు దారి తెరుచుకోలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే, నవంబరు 3న తెల్లవారాక, మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ తాండూరు బస్సును ఢీకొని 19 మంది పోయారు.

అప్పటి నుంచి మా దగ్గర ఏ హోటల్లో కూర్చున్నా ఇదే మాట. కేసు వేసినవాళ్ల వల్లే ఆ ప్రాణాలు పోయాయని కొందరు అంటున్నారు. నాకు ఆ మాట మింగుడుపడదు. అలాగని రోడ్డు ఇలాగే ఉండాలని కూడా అనలేను. ఒక్కటే అడుగుతున్నా. చెట్లను నడుమ ఉంచి రోడ్డు వెయ్యాలంటే ఒక పక్కకు ఎక్కువ జరగాలి. ఆ పక్కనున్న పొలాలు పోతాయి. అదే సరైన దారా, లేక బరువు లారీలకు వేరే బాట చూడాలా?

తాండూరు_తల్లి:

మా పాప కోఠిలో డిగ్రీ చదువుతది. శనివారం ఇంటికొస్తది, సోమవారం పొద్దుగాల బస్సుకు పోతది. నవంబరు 3 కూడా సోమవారమే. ఆ రోజు దానికి జ్వరమొచ్చి నేను పంపలేదు. ఆ బస్సులో పోయినోళ్లలో సదువుకునే పిల్లలున్నరు. ఇంతకంటె నాకు రాయడానికి చేతులు రావడం లేదు.

చెట్లంటే నాకు కోపం లేదు. ఎండకాలంలో ఆ నీడలో బస్సు పోతుంటే ప్రాణం లేచొస్తది. కానీ తాండూరు నుంచి సిమెంటు లారీలు, నాపరాళ్ల లారీలు, ఈ మధ్యలో కంకర టిప్పర్లు, ఇవన్నీ రెండు లేన్ల రోడ్డు మీద ఎదురెదురుగా వస్తుంటే డ్రైవర్ పక్క సీట్లో కూసున్నోళ్లకు తెలుస్తది. ఓవర్‌టేక్ చెయ్యాలంటే అవతలి బండి కింద దూరుడే. పక్కకు దింపుదామంటే తారు అంచు జానెడు లోతు, దాని పక్కనే చెట్టు మొదలు. ఎవరి భూమి పోతదో, ఏ చెట్టు జరుగుతదో మీరు మాట్లాడుకోండి. నాకు కావాల్సింది పోయే బండికి, వచ్చే బండికి నడుమ ఒక అడ్డు.

చెట్టునీడ:

తాండూరు అక్కా, మీరు అడిగిన ఆ అడ్డు ఇక్కడ ఎప్పటి నుంచో నిలబడి ఉంది. చెట్ల వరస ఉన్నచోట ఉంచి, పాత రోడ్డును ఒక వైపు ప్రయాణానికి వదిలి, చెట్లకు అవతల కొత్త రోడ్డు వేస్తే ఎదురెదురుగా గుద్దుకోవడమన్నదే ఉండదు. చెట్లు కొట్టొద్దన్న మేము మొదటి నుంచీ అడిగింది ఇదే. రోడ్డు వద్దని ఎవరూ అనలేదు. మేము అలా అన్నామని ఊరంతా నమ్మడం చాలా బాధగా ఉంది.

పెకలించి నాటడం గురించి కూడా ఒక మాట. మర్రి మొండి జాతి, కొమ్మ పాతినా వేరు పోస్తుంది, నిజమే. కానీ వందేళ్ల చెట్టును కదిలించాలంటే ముందు కొమ్మలన్నీ నరికి మోడు చెయ్యాలి, వేళ్లు చుట్టూ కోసెయ్యాలి. బతికినా అది మోడు మీద మొలిచిన కొత్త మొక్కే. ఆ గొడుగు మళ్లీ పరుచుకోవడానికి ఇంకో తరం పడుతుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పట్టి కొమ్మ విరిగి పడితే, 2018లో సెలైన్ బాటిళ్లు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఒక్క చెట్టుకు అంత సేవ చేశాం. ఇక్కడ తొమ్మిది వందలున్నాయి.

ఇంకోటి, చాలామంది గమనించనిది. రోడ్డు మీదికి దిగిన ఊడలను బండ్లకు తగులుతున్నాయని ఎప్పటికప్పుడు కోసేస్తున్నారు. మర్రి ముసలిదయ్యే కొద్దీ బరువు మోసేది ఆ ఊడలే. అవి నేలకు దిగనివ్వకుండా, మొదలు దాకా తారు పోసి నీరు ఇంకనివ్వకుండా చేసి, గాలివానకు కూలితే చెట్టు ప్రమాదకరం అంటున్నారు. నడుమ డివైడర్‌గా ఉంచినా చుట్టూ మట్టి వదలకపోతే పదేళ్లలో ఒక్కొక్కటే ఎండిపోతుంది. చెట్టును ఉంచామని రాసుకోవడానికి కాదు, బతికించడానికి వెడల్పు వదలాలి.

విశ్రాంత_ఇంజినీరు:

రోడ్ల పనిలోనే ఉద్యోగమంతా గడిపాను. రెండు విషయాలు చెప్తాను.

మొదటిది, చెట్ల లెక్క మొదట్లోనే ఎందుకు జరగలేదని చాలామంది అడుగుతున్నారు. ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేస్తే పర్యావరణ అనుమతి ఎప్పుడు కావాలి? పొడవు వంద కిలోమీటర్లు దాటాలి, దానితో పాటు అదనంగా తీసుకునే భూమి వెడల్పు 40 మీటర్లు దాటాలి. బైపాస్‌లైతే 60 మీటర్లు. ఇది 46 కిలోమీటర్లు. కాబట్టి చట్టం ప్రకారం ఎవరూ ముందుగా కూర్చుని ఏ చెట్టు ఎక్కడుంది, ఎటు జరిగితే ఏది మిగులుతుంది అని చూడాల్సిన పని పడలేదు. మధ్యగీత నుంచి రెండు పక్కలా సమానంగా గీత గీశారు, గీత లోపల పడ్డదంతా తీసేయాల్సిందే అన్నారు. ఇన్నేళ్లు పోయింది అక్కడ. మొదటి రోజే చెట్ల వరసను గీతలోకి తెచ్చుకుని డిజైన్ చేసి ఉంటే కోర్టు అవసరం ఉండేది కాదు, ఈపాటికి రోడ్డు మీద బండ్లు తిరిగేవి. అందుకే తప్పు కేసు వేసినవాళ్లదని నేను ఒప్పుకోను. కేసు వేయాల్సిన పరిస్థితి తెచ్చిన డిజైన్‌ది.

రెండోది, చెట్టునీడ గారికి. చెట్లే డివైడర్ అన్నది వినడానికి బాగుంటుంది, చేయడానికీ వీలుంది, కానీ అంత సులువు కాదు. ఈ చెట్లు ఒకే గీత మీద లేవు, రెండు పక్కలా ఉన్నాయి. ఒక వరస నడుమకు వస్తే రెండో వరస బయటి అంచున పడుతుంది. వందకు పోయే బండి అదుపు తప్పి మర్రి మొదలుకు తగిలితే బతకరు. కాబట్టి ప్రతి చెట్టు ముందూ ఇనుప క్రాష్ బారియర్ ఉండాలి, వంపుల్లో ఎదుటి చూపుకు అడ్డొచ్చేవాటిని జరపక తప్పదు, చెట్లున్నంత మేర వేగం తగ్గించాలి. ఆ ఖర్చు పెట్టాలి. పెట్టకుండా చెట్లు ఉంచితే రేపు ఇంకో ప్రమాదం అవుతుంది, మళ్లీ చెట్టునే ముద్దాయిని చేస్తారు.

మొయినాబాద్_రైతుబిడ్డ:

అందరూ పెద్దగనే మాట్లాడిండ్రు. చెట్టు బతకాలె, మనిషి బతకాలె. మరి మధ్యల మేము?

మాది రోడ్డుకు ఆనుకొని ఎకరం ఇరవై గుంటలు. తాతల కాడికెల్లి ఉన్నది. టమాట, బీర, కొత్తిమీర ఏస్తం. మా అమ్మ రోజూ పొద్దున మర్రికింద గంప పెట్టుకొని అమ్ముతది, హైదరాబాదోళ్లు కార్లు ఆపి కొంటరు. చెట్టు రోడ్డు నడుమకు పోతే, రోడ్డు మా చెల్కలకు వస్తది. చెట్లున్న పక్క కాకుంట ఇంకో పక్క జరుపుతే మా ఎదురింటాయనది పోతది. ఎవలదో ఒకలది పోవుడు ఖాయం.

111 జీవో సంగతి మీకు ఎరుకే. 1996ల ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు ఖరాబు కావొద్దని 84 ఊర్లల్ల కట్టడాలు ఆపిండ్రు. చెరువుల కోసం మేము ఇరవై ఆరేండ్లు ఆగినం. పక్క ఊర్లల్ల గజాల లెక్క అమ్ముకున్నరు, మేము ఎకరాల లెక్కనే ఉన్నం. 2022ల జీవో తీసినమన్నరు. ఇప్పుడు పరిహారం కట్టేటప్పుడు పాత సర్కారు రేటు చూపెడుతున్నరు. బయట రేటుకు దానికి ఏమన్న పొంతన ఉన్నదా? అప్పుడు పట్నంల తాగే నీళ్ల కోసం, ఇప్పుడు చెట్ల కోసం. రెండూ మంచి పనులే, నేను కాదంట లేను. కానీ ప్రతిసారి మంచి పనికి పైసలు మా జేబులకెల్లే ఎందుకు పోవాలె?

వికారాబాద్_రైలు:

ఒక్క మాట. సికింద్రాబాద్ – వాడి రైలు మార్గం 1874లో తెరిచింది. లింగంపల్లి, శంకర్‌పల్లి, వికారాబాద్, తాండూరు అన్నీ దాని మీదనే ఉన్నాయి. హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ మాత్రం ఇన్నేళ్లకూ వికారాబాద్ దాకా రాలేదు. పొద్దున ఐదింటి నుంచి గంటకో లోకల్ రైలు వికారాబాద్ దాకా, రోజుకు నాలుగైనా తాండూరు దాకా ఉంటే తాండూరు అక్క పాప బస్సెక్కాల్సిన పనేముంది? రోడ్డు నాలుగు లేన్లు చేసినా సిమెంటు లారీలు ఇంకా పెరుగుతాయి తప్ప తగ్గవు. ఆ సరుకులో ఎక్కువ భాగం రైలు వ్యాగన్లలో పోవాల్సింది.

తాండూరు_తల్లి:

రైలు తమ్ముడూ, నువ్వన్నది నిజం. రైలు వేళకు ఉంటే నేనే ఎక్కించి వస్త. కానీ మన్నెగూడ, చేవెళ్ల, నడుమ ఊర్లల్లోళ్లకు రైలు లేదు. వాళ్లకు ఈ రోడ్డే. రెండూ కావాలె.

రైతుబిడ్డ రాసింది రెండుసార్లు చదివిన. నేను మొదట ఎవరి భూమి పోతదో మీరు మాట్లాడుకోండి అన్న. అట్ల అనుడు తప్పు. మా పాప బతుకు కోసం మీ అమ్మ గంప పోవాలె అని నేనెట్ల అడుగుత.

చేవెళ్లవాసి:

నేను మొదట లారీలకు వేరే బాట చూడొచ్చు కదా అని అడిగాను. మొయినాబాద్‌కు, చేవెళ్లకు బైపాస్‌లు ఎలాగూ ప్రతిపాదనలో ఉన్నాయి, వాటికీ పొలాలే పోతాయి. ఎటు గీత గీసినా ఎవరో ఒకరి చెల్క మీదుగానే పోవాలి. కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. చెట్లు నడుమ ఉంచే డిజైన్‌కే నా ఓటు. అయితే దానివల్ల అదనంగా పోయే ప్రతి గుంటకూ మామూలు లెక్క కాకుండా వేరే లెక్క కట్టాలి. చెట్టు అందరిదీ అయినప్పుడు దాని ఖరీదు ఒక రైతు మీద పడకూడదు. ఇంజినీరు సార్, చట్టంలో దీనికి చోటుందా?

విశ్రాంత_ఇంజినీరు:

చెట్టు కోసం వేరే లెక్క అని చట్టంలో లేదు. ఉన్నదాన్ని పూర్తిగా రాబట్టుకోవడానికి మాత్రం చోటుంది, చాలామంది రైతులు అక్కడే నష్టపోతారు. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద భూమి తీసుకున్నా, 2015 నుంచి పరిహారం 2013 భూసేకరణ చట్టం లెక్క ప్రకారమే ఇవ్వాలి.

రైతుబిడ్డా, నీకు ముఖ్యమైనది ఇది. సర్కారు రేటు ఒక్కటే చూడరు. చుట్టుపక్కల అలాంటి భూములకు గత మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లు తీసి, వాటిలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు కడతారు. సర్కారు రేటు, ఈ సగటు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. పల్లె భూమికి పట్టణం నుంచి ఉన్న దూరాన్ని బట్టి ఒకటి నుంచి రెండు రెట్ల మధ్య గుణకం వేస్తారు. బోరు, బావి, చెట్లు, పైపులైను విలువ కలుపుతారు. అంతా కలిపాక మళ్లీ అంతే మొత్తం సొలేషియం, అంటే భూమి పోయినందుకు ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము. కాబట్టి మీ చుట్టుపక్కల 2022 తర్వాత అయిన అమ్మకాల దస్తావేజుల నకళ్లు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడే తీసిపెట్టుకోండి. అధికారి తనకు తోచిన దస్తావేజులు పెట్టుకుంటే, మీ చేతిలో వేరేవి ఉండాలి.

మొదటి నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 21 రోజులే గడువు. అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, వచ్చాక తక్కువైందనిపిస్తే ఆర్బిట్రేటర్ దగ్గరకు వెళ్లొచ్చు, ఆ పని సాధారణంగా కలెక్టరే చూస్తారు. డబ్బు తీసుకుంటే హక్కు పోతుందని కొందరు భయపెడతారు. అభ్యంతరం ఉందని రాతపూర్వకంగా చెప్పి తీసుకోండి.

చెట్టునీడ:

రైతుబిడ్డ అన్నా, మీ మాట విన్నాక ఒకటి ఒప్పుకుంటున్నా. మేము అన్ని చెట్లనూ లెక్కపెట్టాం, చుట్టుకొలతలు తీశాం, పటంలో ఎక్కించాం. వాటి పక్కన ఎవరి పొలం ఉందో ఒక్కచోట కూడా రాసుకోలేదు. అది మా లోపమే. ఇప్పుడు ఆ పటమే మీకు పనికొస్తుంది. ఏ చెట్టు దగ్గర రోడ్డు ఎటు జరుగుతుందో, ఏ సర్వే నంబరులో ఎన్ని గుంటలు పోతాయో దాని మీదే గీసుకోవచ్చు. చెట్లు నడుమ ఉండే చోట సర్వీసు రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్లకు నీడలో చోటు వదలమని మేము కూడా రాస్తాం. వేగంగా పోయే రోడ్డు అంచున గంపలు పెట్టుకుని కూర్చోవడం వాళ్లకూ మంచిది కాదు.

మొయినాబాద్_రైతుబిడ్డ:

మా అమ్మ కూసునే చెట్టుకు తెల్ల సున్నంతో నంబరు ఏసిండ్రు. ఉంచుటానికి ఏసిండ్రో, తీసుటానికి ఏసిండ్రో ఎవ్వలు చెప్తలేరు. ఆఫీసుల అడిగితే రేపు రమ్మన్నరు, మళ్ల రేపు రమ్మన్నరు. మీ పటంల ఆ చెట్టు ఉన్నదా సూడు అన్నా. మొయినాబాద్ దాటినంక ఎడమచేతి పక్క, రెండు పాయలుగ చీలి ఉంటది, కింద రాతిగద్దె ఉంటది.

చెట్టునీడ:

ఉంది అన్నా. రాతిగద్దె ఫొటో కూడా ఉంది. ఉంచే జాబితాలో ఉందో లేదో రేపు చూసి ఇక్కడే రాస్తా. ఆదివారం ఇంజినీరు సార్ వీలు చెప్తే పటం పట్టుకుని మీ చెల్క దగ్గరకే వస్తాం.

విశ్రాంత_ఇంజినీరు:

వస్తాను. పాసుపుస్తకం, పహాణీ నకలు, బోరు కనెక్షన్ కాగితాలు బయట పెట్టి ఉంచు బాబూ. పక్క పొలాలవాళ్లను కూడా పిలువు. పది మంది అభ్యంతరాలు ఒక్కరోజే దాఖలైతే ఆఫీసులో రేపు రమ్మనడం తగ్గుతుంది.