పాత బ్రౌజర్లు: ఏది దేనికి బాగుండేది?

పాతపెట్టె:
మూలన పడున్న పాత కంప్యూటర్‌ని బాగుచేసి మొజాయిక్, నెట్‌స్కేప్, ఐఈ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్), ఒపేరా అన్నీ ఎక్కించి పోల్చి చూస్తున్నాను. అప్పట్లో రోజూ వాడినవాళ్లు చెప్పండి. ఏది త్వరగా తెరిచేది, ఏది మెమరీ తక్కువ తినేది, బుక్‌మార్కులు ఎందులో సుఖం, ప్రింట్ ఎందులో సరిగ్గా వచ్చేది? ఏది గొప్ప అనే గొడవ మాత్రం వద్దు ప్లీజ్.

మోడెమ్‌మోత:
వేగం అంటే నెట్‌స్కేపే, ఇందులో ఆలోచించడానికేం ఉంది? మొదట్లో మొజాయిక్‌లో బొమ్మలన్నీ దిగేదాకా పేజీ కనిపించేది కాదు, పైన గ్లోబు తిరుగుతూనే ఉండేది. 1994 డిసెంబర్‌లో నెట్‌స్కేప్ 1.0 వచ్చాక ముందు అక్షరాలు, వెనకాలే ఒక్కో బొమ్మ. పైగా ఒకేసారి నాలుగు కనెక్షన్లు తెరిచి లాగేసేది. సర్వర్లు నడిపేవాళ్లు మండిపడ్డారనుకోండి, సెకనుకి 14.4 కిలోబిట్ల మోడెమ్ ముందు కూర్చున్నవాడికి వాళ్ల బాధ ఎందుకు?

టేబుల్‌బాధితుడు:
నెట్‌స్కేప్ 4కి సైట్లు చేసినవాణ్ణి నన్నడగండి. టేబుల్‌లో టేబుల్, దాన్లో ఇంకో టేబుల్ పెట్టి లేఅవుట్ చేసే రోజులవి. ఎక్కడో ఒక్క టేబుల్‌కి ఇక్కడితో అయిపోయిందని చెప్పే క్లోజింగ్ ట్యాగ్ పడకపోతే చాలు, పేజీ మొత్తం తెల్లగా. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. అదే పేజీ ఐఈలో నిక్షేపంగా వచ్చేది. విండో సైజు మారిస్తే స్టైళ్లు (రంగులు, అక్షరాల సైజులు లాంటివి) ఎగిరిపోయేవి, అందుకని సైజు మారగానే పేజీని మళ్లీ లోడ్ చేసే స్క్రిప్టు ఒకటి ప్రతి పేజీలోనూ అతికించేవాళ్లం. ఇదా మీ గొప్ప బ్రౌజరు?

క్లోజ్‌ట్యాగ్:
ట్యాగ్ మూయనిది మీరు, తిట్లు నెట్‌స్కేప్‌కా? తెల్లపేజీ వస్తే తప్పు ఉందని వెంటనే తెలిసేది. ఐఈ ఏం రాసినా సర్దుకుని చూపించేది, తప్పులున్న పేపర్‌కి కూడా ఫుల్ మార్కులేసే మాస్టారులాగా. వెబ్ నిండా చెత్త కోడ్ పేరుకుంది అందువల్లే.

టేబుల్‌బాధితుడు:
మాస్టారు ఎవరికి సార్? నాకు తెలియడం కోసం పేజీ చూసేవాడికి తెల్లకాగితం చూపిస్తారా? చదవడానికి వచ్చినవాడు ఏం పాపం చేశాడు?

క్లోజ్‌ట్యాగ్:
అప్‌లోడ్ చేసే ముందు ఒకసారి తెరిచి చూసుకునే ఓపిక లేనివాళ్లకి ఏ బ్రౌజరైనా ఒకటే లెండి.

ప్రింట్‌రాణి:
ప్రింట్ సంగతి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తాను. విండోస్ నెట్‌స్కేప్‌లో ప్రింట్ ప్రివ్యూ చాలా ముందు నుంచీ ఉంది, ఐఈకి అది 5.5తో 2000లో గానీ రాలేదు. ఫ్రేములున్న పేజీ, అంటే ఒకే విండోని భాగాలుగా విడగొట్టి వేర్వేరు పేజీలు చూపించేది అయితే నెట్‌స్కేప్‌లో మౌస్‌తో ఏ ఫ్రేమ్ మీద నొక్కామో అదొక్కటే ప్రింటయ్యేది, తెలియనివాళ్లకి ఉత్త మెనూ కాగితం చేతికొచ్చేది.

స్పెక్‌శాస్త్రి:
ట్యాగ్ గొడవలో మీ ఇద్దరి వాదనా పైపైనే ఉంది. ఇక్కడ స్పెక్‌లు (వెబ్ ప్రమాణ పత్రాలు) మొదటి నుంచి చివరిదాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా, అందుకని చెప్తున్నాను, రాసుకోండి. పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ 4లో టీడీ (గడి), టీఆర్ (వరస), ఎల్ఐ (జాబితాలో ఒక అంశం)లకి మూసే ట్యాగ్ లేకపోయినా చెల్లుతుంది, టేబుల్‌కి తప్పనిసరి. కాబట్టి తప్పు పేజీదే. కానీ నెట్‌స్కేప్ 4 క్రమశిక్షణ కోసం తెల్లపేజీ చూపించలేదు, ఒకసారి పేర్చిన పేజీని మళ్లీ సర్దడం దాని ఇంజిన్‌కి చేతకాదు, టేబుల్ ఎక్కడ ముగిసిందో తెలిస్తే గానీ పేర్చదు. ఇక స్టైళ్లంటారా, వాటిని రాసే భాష సీఎస్ఎస్‌ని లోపల జావాస్క్రిప్ట్ (పేజీ స్క్రిప్టుల భాష) స్టైళ్లుగా మార్చుకుని వాడేది, అందుకే జావాస్క్రిప్ట్ ఆపేస్తే సీఎస్ఎస్ కూడా పోయేది. ఐఈ ఏమన్నా తక్కువా? 1996లోనే ఐఈ 3లో సీఎస్ఎస్ పెట్టింది నిజమే, 5.5 దాకా బాక్స్ వెడల్పు లెక్క తప్పే. ప్యాడింగ్ (లోపలి ఖాళీ), బార్డర్ (అంచు) రెండూ మనం చెప్పిన వెడల్పులోనే కలిపేసేది.

మోడెమ్‌మోత:
శాస్త్రిగారూ, పాఠం బాగుంది, అడిగింది వేగం గురించి.

వయోలాప్రియ:
పైన ఎవరో మొజాయిక్‌తోనే అంతా మొదలైనట్టు రాశారు. 1990లో వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ నెక్స్ట్ కంపెనీ కంప్యూటర్ మీద రాసిన మొదటి బ్రౌజర్లోనే పేజీలు దిద్దుకోవచ్చు కూడా. ఎర్వైజ్, వయోలా బ్రౌజర్లు కూడా 1992లోవి.

మోడెమ్‌మోత:
నేను అలా ఎక్కడన్నాను? అక్షరాల మధ్యలోనే బొమ్మ చూపించే ట్యాగ్‌ని 1993లో జనంలోకి తెచ్చింది మాత్రం మొజాయికే. ఎర్వైజ్ ఎంతమంది చూశారు చెప్పండి?

వయోలాప్రియ:
ఎంతమంది చూశారన్నది వేరే విషయం అండీ. ఆ రెండూ ఎక్స్ విండోస్ (యునిక్స్ యంత్రాల గ్రాఫిక్స్ వ్యవస్థ) ఉన్న యంత్రాల మీదే నడిచేవి, అది వాటి బలహీనతే, ఒప్పుకుంటాను. మొజాయిక్ అదే ఏడాది విండోస్‌కీ, మాక్‌కీ వచ్చింది, గెలిచింది అక్కడ.

ఫ్లాపీఒపేరా:
మెమరీ తక్కువ అంటే ఒపేరా అని ఇంతమందిలో ఒక్కరికీ గుర్తురాలేదా? 3వ వెర్షన్ ఒక్క ఫ్లాపీలో పట్టేసేది! ఒకే విండోలో ఎన్ని పేజీలైనా, కీబోర్డుతోనే అన్ని పనులూ, జీ కీ నొక్కితే బొమ్మలు ఆగిపోతాయి. డబ్బు కట్టాల్సి వచ్చేది, అదొక లోటు. రెండోది, చాలా సైట్లు బ్రౌజర్ పేరు చూసి గుమ్మంలోనే ఆపేసేవి, అందుకే ఒపేరా సెట్టింగుల్లో ఐఈనని చెప్పుకునేది.

క్లోజ్‌ట్యాగ్:
ఐఈ కూడా అదే చేసిందిగా. సర్వర్లకి నెట్‌స్కేప్ చెప్పుకునే పేరు మొజిల్లా. ఫ్రేములున్న పేజీలు మొజిల్లా అని చెప్పుకున్నవాళ్లకే ఇచ్చేవారని, తన పేరు ముందు మొజిల్లా తగిలించుకుంది. చివరికి అందరూ నెట్‌స్కేప్ పేరు వాడుకున్నవాళ్లే.

టేబుల్‌బాధితుడు:
పేరు వాడుకున్నారు, తెల్లపేజీ వాడుకోలేదు.

ఫాంట్‌పిచ్చి:
ఇంగ్లీషు కాని లిపుల సైట్లకి అసలు తలనొప్పి వేరే. పేజీతోపాటే దిగే ఫాంట్ ఫైల్ నెట్‌స్కేప్ 4కి పీఎఫ్ఆర్ రకం, ఐఈకి ఈఓటీ రకం, రెండూ తయారు చేసి రెండూ పేజీలో పెట్టాల్సి వచ్చేది. ఒకటి మర్చిపోతే సగంమందికి పిచ్చిగీతలు. టేబుల్ గొడవ దీని ముందు ఎంత?

నిర్వాహకుడు:
వ్యక్తిగత విసుర్లు ఆపండి. పాతపెట్టె గారికి బుక్‌మార్కుల సంగతి ఎవరైనా చెప్తారా?

ప్రింట్‌రాణి:
నెట్‌స్కేప్‌లో అన్నీ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్, కాపీ చేసుకుని ఇంకో కంప్యూటర్లో పడేయొచ్చు. ఐఈలో ఒక్కో లింక్‌కీ ఒక్కో ఫైల్, ఫోల్డర్ల నిండా.

లింక్స్‌వాడు:
నేను 1992 నాటి లింక్స్‌ని, అదే అక్షరాలు మాత్రమే చూపించే బ్రౌజర్‌ని, ఇప్పటికీ వాడుతున్నాను, అంటే కొత్త వెర్షనే అనుకోండి. బొమ్మల్లేవు, ఫాంట్ల గొడవ లేదు, పేజీని మామూలు టెక్స్ట్ ఫైల్‌గా తీసుకోవాలంటే ఒక్క కమాండ్. మీరంతా ఏం కొట్టుకుంటున్నారో అర్థం కావట్లేదు.

క్లోజ్‌ట్యాగ్:
పాత లింక్స్‌లో టేబుల్ ఎలా కనిపించేదో?

లింక్స్‌వాడు:
గడులన్నీ వరసగా మామూలు వాక్యాల్లాగే. మీరు ట్యాగ్ మూసినా, మూయకపోయినా.