డర్క్ నోవిట్స్కీ చివరి ఆట: వైజాగ్‌లో చూసినవాళ్లు రాయండి, డాలస్ వాళ్లయినా కాకపోయినా

ఉక్కు_41 · 11 ఏప్రిల్ 2019, ఉదయం 10:40

ఇప్పుడే ఓటేసి వచ్చాను. పొద్దున్నే వెళ్తే లైను తక్కువుంటుందని అమ్మ తెల్లారకముందు నుంచీ చెబుతూనే ఉంది. "ఈ ఒక్క మ్యాచ్ అయిపోనీ అమ్మా" అని కూర్చున్నాను. ఇరవై ఒక్క సీజన్లు ఒకే జట్టుకి, డాలస్‌కి, ఆడిన డర్క్ చివరి ఆట ఇది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో అన్ని సీజన్లు ఒకే జట్టుకి ఆడినవాడు ఇంకొకడు లేడు. ఆ తర్వాత రెండు గంటలు ఎండలో నిలబడ్డాను, ఏం బాధ లేదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది నిన్నటి మ్యాచ్ అనుకున్నాను. డాలస్‌లో సొంతవాళ్ల ముందు ఫీనిక్స్ మీద 30 పాయింట్లు కొట్టి, 120-109తో గెలిచి, మైకు పట్టుకుని ఇక్కడ ఇదే నా చివరి ఆట అని చెప్పాడు. చిన్నప్పుడు తను ఆరాధించిన ఐదుగురు, లారీ బర్డ్, చార్లెస్ బార్క్లీ, స్కాటీ పిప్పెన్, షాన్ కెంప్, డెట్లెఫ్ ష్రెంఫ్, వరసగా వచ్చి అతని పక్కన నిలబడ్డారు. అది సొంతింటి పెళ్లి. అక్కడ ఎవరైనా ఏడుస్తారు.

ఈ రోజుది వేరు. శాన్ ఆంటోనియో ఊళ్లో. డాలస్‌కీ ఆ ఊరికీ ఎన్నేళ్ల పగో ఇక్కడ చాలామందికి తెలుసు. మ్యాచ్ మొదలవకముందు వాళ్లే పెద్ద తెర మీద వీడియో వేశారు. డర్క్ తమ మీద ఆడిన ఆటలు, తమ గుండెల్లో దిగిన షాట్లు. హాలంతా లేచి నిలబడింది. ఏడడుగుల మనిషి, పగవాళ్ల కోర్టులో, కళ్లు తుడుచుకోవడం ఆపలేకపోయాడు. ఆ తర్వాత 20 పాయింట్లు, 10 రీబౌండ్లు (షాట్ తప్పి తిరిగొచ్చిన బంతి అందుకోవడం). డాలస్ 105-94తో ఓడిపోయింది. స్కోరు ఎవరూ పట్టించుకోలేదు.

నా మాట కంటే మిగతా జట్ల వాళ్ల మాట వినాలని ఉంది. అతను ఎవరిని ఏడిపించాడో వాళ్లు రాయండి.

మధురవాడ_21 · ఉదయం 11:15

నేను రాస్తాను గురూ. స్పర్స్, అంటే శాన్ ఆంటోనియో జట్టు, మనిషిని. మా టిమ్ డంకన్ కోసం ఆట చూడటం మొదలుపెట్టినవాణ్ని.

2006 ప్లేఆఫ్స్‌లో (కప్పు కోసం సీజన్ చివర జరిగే పోటీలు) డాలస్ మీద రెండో రౌండు ఏడో మ్యాచ్. చివర్లో మేం మూడు పాయింట్లు ముందున్నాం. అరనిమిషం కూడా లేదు. డర్క్ బంతి పట్టుకుని లోపలికి దూసుకొచ్చాడు. రెండు పాయింట్లిచ్చి వదిలేస్తే మ్యాచ్ మాదే. మా జినోబిలీ వెళ్లి చెయ్యి వేశాడు. బంతి లోపల పడింది, ఫౌలూ వచ్చింది. ఫ్రీ త్రో (ఫౌలుకి దక్కే, ఎవరూ అడ్డుకోని షాట్) వేసి సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో 119-111తో వాళ్లే గెలిచారు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. తర్వాత చాలా ఏళ్లు ఆ క్లిప్ ఎక్కడ కనిపించినా పక్కకి తోసేసేవాణ్ని.

ఇవాళ ఆ వీడియో నడిచినంతసేపూ మా ఇంటి హాల్లో లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డావని మా ఆవిడ అడిగింది. ఈయన మమ్మల్ని ఓడించాడు అన్నాను. తను ఇంకేమీ అడగలేదు, వచ్చి పక్కన నిలబడింది.

ఊదా_పసుపు_24 · ఉదయం 11:32

నాది లేకర్స్ జట్టు. 2011 ప్లేఆఫ్స్‌లో డాలస్ వాళ్లు మమ్మల్ని 4-0తో ఇంటికి పంపించారు. అప్పటికి రెండేళ్లుగా ఛాంపియన్లం మేమే. నాలుగో మ్యాచ్‌లో 36 పాయింట్ల తేడా. ఫిల్ జాక్సన్‌కి కోచ్‌గా అదే ఆఖరి మ్యాచ్ అయింది. అంతకంటే రాయలేను. డర్క్‌కి నమస్కారం.

వేడ్_అభిమాని_విశాఖ · మధ్యాహ్నం 12:50

నాకిది చాలా ఏళ్లుగా చెప్పాలని ఉన్న మాట.

నేను మయామీ. 2006 ఫైనల్స్‌లో డాలస్ 2-0తో ముందుంది, మూడో మ్యాచ్ చివరి క్వార్టర్లో కూడా బాగా ముందుంది. అక్కడి నుంచి డ్వేన్ వేడ్ లాక్కొచ్చాడు. అక్కడి నుంచి వరసగా నాలుగూ గెలిచి కప్పు కొట్టాం. తర్వాతి ఏడాది డర్క్ ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు), డాలస్‌కి 67 విజయాలు, కానీ మొదటి రౌండులోనే ఎనిమిదో స్థానపు గోల్డెన్ స్టేట్ చేతిలో ఓడారు. "మెత్తనోడు, చివర్లో చేతులెత్తేస్తాడు" అని రాసేవాళ్లు. నేనూ రాశాను, వేరే చోట, వేరే పేరుతో.

2011 ఫైనల్స్‌లో మళ్లీ మేమే ఎదురు. హాస్టల్లో పదిమందిమి ఒకే ల్యాప్‌టాప్ ముందు. నాలుగో మ్యాచ్ డర్క్ 101 డిగ్రీల జ్వరంతో ఆడి గెలిపించాడు. ఐదో మ్యాచ్‌కి ముందు మా వేడ్, లెబ్రాన్ నడుస్తూ కెమెరా ముందు దగ్గు నటించారు. మా గదిలో అందరం నవ్వాం. నా నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ తర్వాత వాళ్లు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆరో మ్యాచ్ మా సొంత కోర్టులో. డర్క్ మొదటి సగంలో పన్నెండు షాట్లు వేస్తే ఒక్కటే పడింది. అయినా ఆపలేదు. గడియారం ఇంకా సున్నాకి రాకముందే, గెలుపు ఖాయమని తెలియగానే, స్కోరర్ల బల్ల దాటి లోపలికి వెళ్లిపోయాడు. ఎవరికీ కనబడకుండా ఏడవడానికి. కప్పు అందుకోవడానికి బయటికి పిలుచుకు రావలసి వచ్చింది.

జ్వరంతో ఉన్న మనిషిని చూసి నవ్వాను నేను. అది ఆటలో భాగం కాదు.

మొన్న ఫిబ్రవరిలో డాలస్‌లో వేడ్, డర్క్ చివరిసారి ఎదురుపడి జెర్సీలు మార్చుకున్నారు. ఏళ్ల తరబడి ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు. నిన్న డర్క్ డాలస్‌లో 30 కొట్టిన రాత్రే వేడ్ మయామీలో 30 కొట్టాడు. ఇవాళ ఇద్దరూ ఒకే రోజు ఆట మానేశారు. నేను ఇవాళ రెండు స్క్రీన్లు పెట్టుకుని ఇద్దర్నీ చూశాను.

ఉక్కు_41 · మధ్యాహ్నం 1:05

అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ రోజు నేను గాజువాకలో మా పిన్ని ఇంట్లో ఉన్నాను. మీరు నవ్విన ఆ క్లిప్ చూసి నేను టీవీ రిమోట్ విసిరేశాను. ఎనిమిదేళ్లకి ఇద్దరం ఒకే చోట రాసుకుంటున్నాం. సంతోషం.

సాగర్‌నగర్_సెవెన్ · మధ్యాహ్నం 1:20

2006లో రిఫరీలు వేడ్‌కి ఎన్ని ఫ్రీ త్రోలు ఇచ్చారో అది కూడా రాయండి మరి.

మధురవాడ_21 · మధ్యాహ్నం 1:24

తమ్ముడూ, ఆ గొడవకి వేరే థ్రెడ్ ఉంది, నేనే వచ్చి నీతో వాదిస్తాను. ఇవాళ వద్దు. ఫిబ్రవరిలో క్లిప్పర్స్ కోచ్ డాక్ రివర్స్ ఏం చేశాడో చూశావా? తన జట్టు గెలుస్తోంది, చివరి పది సెకన్లు మిగిలాయి. టైమ్‌ఔట్ తీసుకున్నాడు. ఎత్తు వేయడానికి కాదు. బల్ల దగ్గర మైకు లాక్కుని, లేచి నిలబడండి, ఈయన ఎప్పటికీ గొప్పవాళ్లలో ఒకడు అని డర్క్ కోసం తన ఊరి జనాన్ని తనే లేపాడు. ఎదుటి జట్టు కోచ్ టైమ్‌ఔట్ ఖర్చుపెట్టి చప్పట్లు కొట్టించడం నేనెక్కడా చూడలేదు.

సీతమ్మధార_అమ్మ · మధ్యాహ్నం 2:45

నాకు ఆట సంగతులు ఎక్కువ తెలియవు బాబూ. మా అమ్మాయి డాలస్ పక్కన ప్లేనోలో ఉంటుంది, అక్కడ మన తెలుగువాళ్లు ఎక్కువే. సంక్రాంతికి అక్కడే ఉన్నాను. అల్లుడు టికెట్లు తెచ్చి నన్నూ తీసుకెళ్లాడు. చలికి రెండు స్వెట్టర్లు వేసుకుని వెళ్లాను.

ఆట చాలాసేపు నడిచింది, ఈయన కనిపించలేదు. బెంచీ చివర కాళ్లు చాపుకుని కూర్చున్నాడు, మోకాళ్ల మీద తువ్వాలు. చీలమండకి ఆపరేషన్ అయిందని అల్లుడు చెప్పాడు. ఉన్నట్టుండి పక్కవాళ్లందరూ లేచారు. నాకేమీ అర్థం కాలేదు, కోర్టులో ఏమీ జరగలేదు. ఆయన తువ్వాలు తీసి పక్కన పెట్టాడంతే. పైన వేసుకున్న జాకెట్టు తీస్తుంటే ఆ గోల ఇంకా పెరిగింది. ఇంకా లోపలికి అడుగే పెట్టలేదు. పరిగెడుతుంటే కాళ్లు నొప్పిగా ఉన్నాయని నాకే తెలిసింది, మా ఆయన మెట్లు దిగేటప్పుడు అలాగే దిగుతారు. ఒక బంతి వేశాడు. అది పడింది. నా పక్క సీట్లో ముసలాయన, నాకు భాష రాదు, ఆయనకి నాది రాదు, నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

మనవడికి ఈయన 41 నంబరు చొక్కా కొన్నాం. ఇవాళ ఫోన్ చేస్తే అది వేసుకునే పడుకున్నాడట.

ఉక్కు_41 · మధ్యాహ్నం 3:00

అమ్మా, ఇక్కడ ఇంతవరకు వచ్చినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది మీరు రాసిందే. మేమందరం చిన్న స్క్రీన్లో చూశాం. మీరు అక్కడ కూర్చున్నారు.

డ్రిల్లు_మాస్టారు · సాయంత్రం 5:30

పోలింగ్ డ్యూటీ లేదు ఈసారి, రిటైరయ్యాను కాబట్టి. ముప్పై ఏళ్లు పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పాను.

ఆ ఒంటికాలి షాట్ గురించి ఎవరూ రాయలేదు. రాయాలి. మనం పిల్లలకి మొదటి రోజు చెప్పేదేమిటి? రెండు కాళ్లూ నేల మీద, భుజాలు సమానం, నిటారుగా లేవాలి. డర్క్ దీనికి పూర్తిగా ఎదురు. వీపు అడ్డుగా పెట్టి తిరుగుతాడు, ఒక కాలి మీద లేస్తాడు, రెండో మోకాలు ముందుకు ఎత్తుతాడు, ఒళ్లు వెనక్కి వాలుస్తాడు. ఆ మోకాలే గోడ. కాపలావాడు దగ్గరికి రాలేడు. ఏడడుగుల మనిషి వెనక్కి వాలి తల పైనుంచి వదిలితే చెయ్యి ఎవరికి అందుతుంది? చూడటానికి పడిపోతున్నట్టు ఉంటుంది, మణికట్టు మాత్రం ప్రతిసారీ ఒకేలా విరుగుతుంది.

అది గాలివాటం కాదు. జర్మనీలో వర్జ్‌బర్గ్ దగ్గర హోల్గర్ గెష్విండ్నర్ అనే ఆయన ఈ కుర్రాణ్ని తయారుచేశాడు. లెక్కలు, ఫిజిక్స్ చదివినాయన. బంతి ఏ కోణంలో వెళ్తే, కాస్త గురి తప్పినా రింగులో పడే వీలు ఎక్కువ ఉంటుందో లెక్క కట్టాడు. ఎన్‌బీఏ స్టార్ అయ్యాక కూడా ఎండాకాలం వస్తే డర్క్ ఆ పాత గురువు దగ్గరికే వెళ్లేవాడు. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది అదే.

2014లో హుద్‌హుద్ మా కోర్టులో రెండు స్తంభాల్లో ఒకదాన్ని వంచేసింది. కొత్తది రావడానికి చాలా ఆలస్యమైంది. రింగు ఒక పక్కకి వాలిపోయి ఉండేది. పిల్లలు ఆట మానేస్తారనుకున్నాను. ఒకడు ఆ వంగిన రింగు కిందే డర్క్ షాట్ సాధన మొదలుపెట్టాడు. రింగు వాలింది కాబట్టి తనూ వాలాలంటాడు. వాడే తర్వాత జిల్లా జట్టుకి ఆడాడు. ఎదుటి జట్టులో వాణ్ని కాచిన కుర్రాడు మ్యాచ్ అయ్యాక నా దగ్గరకొచ్చి, ఆ షాట్ నాకూ నేర్పండి సార్ అన్నాడు. నేర్పాను. అప్పుడు మావాడు అలగలేదు.

వేడ్_అభిమాని_విశాఖ · సాయంత్రం 5:48

మాస్టారూ, మనవాడు సత్నాం సింగ్‌ని 2015లో డ్రాఫ్ట్ (జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతి) చేసింది కూడా ఈ డాలసే కదా. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు. ఆ రోజు మొదటిసారి డాలస్ అంటే కోపం తగ్గింది నాకు.

ఉక్కు_41 · సాయంత్రం 7:10

పొద్దున్నుంచీ వేలి మీద సిరా చూసుకున్నప్పుడల్లా ఒకటి గుర్తొస్తోంది, రాయకుండా ఉండలేను. 2011 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో డర్క్ ఎడమ చేతి మధ్య వేలిలో టెండన్ (కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాడు) తెగింది. వేలు నిటారుగా నిలవదు. కట్టు కట్టుకుని రెండో మ్యాచ్ ఆడాడు. చివరి క్వార్టర్లో 15 పాయింట్లు వెనక ఉన్న జట్టుని లాక్కొచ్చి, నాలుగు సెకన్లు కూడా మిగలని సమయంలో లేఅప్ (రింగు దగ్గరికి దూసుకెళ్లి వేసే షాట్) వేసి గెలిపించాడు. ఏ చేత్తో? ఆ ఎడమ చేత్తోనే. నొప్పి ఉన్న చెయ్యి దాచుకుని కుడి చేత్తో ప్రయత్నించి ఉండొచ్చు. దారి ఎడమ వైపు ఉంది, ఎడమతోనే వేశాడు.

2014లో ఇంకెక్కడికైనా వెళ్తే చాలా ఎక్కువ డబ్బు వచ్చేది. జట్టుకి ఇంకొకరిని తెచ్చుకోవడానికి వీలుంటుందని తక్కువకి సంతకం పెట్టాడు. 31,560 పాయింట్లు, ఆట మానేసేనాటికి ఎన్‌బీఏ చరిత్రలో ఆరో స్థానం. నేను అంకెల కోసం అతన్ని ఇష్టపడలేదు, కానీ ఈ రోజు ఒకచోట రాసిపెట్టుకోవాలనిపించింది.

ఎంవీపీ_కాలనీ_పాప · రాత్రి 8:05

నేను తొమ్మిది పాసయ్యాను. మా కాలనీ అసలు పేరు మువ్వలవానిపాలెం అని తెలిసినా, డర్క్‌కి వచ్చిన ఎంవీపీయే మా ఊరి పేరని చిన్నప్పుడు అనుకునేదాన్ని. మాస్టారూ, ఆ షాట్ అమ్మాయిలు కూడా వేయగలరా? నా ఎత్తు ఐదు అడుగుల రెండు.

డ్రిల్లు_మాస్టారు · రాత్రి 8:20

వేయగలరమ్మా. నీకంటే ఎత్తున్నవాళ్ల మీద వేయడానికే అది పనికొస్తుంది. ముందు రెండు కాళ్ల షాట్ వందకి అరవై పడాలి, అప్పుడు ఒంటికాలు. ఆదివారం పొద్దున ఆరింటికి ఎండెక్కకముందే రా. మీ నాన్నగారినో అమ్మగారినో తీసుకురా. చిరునామా వాళ్లకి విడిగా పంపుతాను. బూట్లు కొత్తవి వద్దు, పాతవే వేసుకో, కాలు జారకుండా ఉంటాయి.

మధురవాడ_21 · రాత్రి 8:31

మాస్టారూ, నేనూ రావచ్చా? నా దగ్గర 41 లేదు. డంకన్ 21 వేసుకుని వస్తాను.

వేడ్_అభిమాని_విశాఖ · రాత్రి 8:33

నేను వేడ్ 3 వేసుకుని వస్తాను.

ఉక్కు_41 · రాత్రి 8:40

రండి. బంతి నేను తెస్తాను.